రాతి రంపము, దాని శీతలద్రవము

దక్కను పీఠభూమిలోని నల్లరాతి పొరల బొరియలలో పుట్టి, ఆ మాతృశిల కాలక్రమమున శిథిలము కాగా గోదావరి ప్రవాహమున దొర్లి దొర్లి నునుపుదేరి, ఇసుక తిన్నెలపై గులకలలో ఒక గులకగా పడియున్న అకీకు రాయి పైకి మసకబారి, సామాన్యుని దృష్టికి ఆనకుండును; కాని దానిని నడిమికి కోసి, కోత ముఖమును తడిపి వెలుతురున పట్టి చూచినచో, తేనెరంగును, తెలుపును, లేత బూడిదరంగును ఒకదానిలో ఒకటిగా ఒదిగిన వలయములు బయల్పడి, ఆ రాయి ఎన్ని విడతలుగా సిలికా పొరలను పేర్చుకొని పెరిగెనో చెప్పక చెప్పును. సుత్తితో మోదిన ఈ అందము చేజిక్కదు. రాయి తనకు వీలైన వంక పగులును గాని మనము కోరిన తలమున చీలదు. కోయుదమన్న అది పలుగురాతి జాతికి చెందినది. మోస్ కాఠిన్యమానమున దాని స్థానము 7. ఉక్కు చాకు మొన దానిపై గీత పెట్టజాలదు. కావున దానికంటె మిక్కిలి కఠినమైన పదార్థము కావలయును. అది వజ్రము.

రాతిని కోయు రంపమునకు వడ్రంగి రంపమునకున్నట్టి పండ్లు లేవు. పలుచని గుండ్రని ఉక్కు రేకు అంచున, కంచు వంటి లోహపు పట్టులో వజ్రపు నలుసులను పొదిగి దానిని తయారుచేయుదురు. ఒక్కొక్క నలుసు రాతిని సూక్ష్మముగా గీకి, పొడిచేసి పోవును. దాని వెనుక మరియొకటి వచ్చును. ఇట్టి అసంఖ్యాకములైన గీతల మొత్తమే మనకు కోతగా కనిపించును. ఒకనాడు కృష్ణాతీరపు కొల్లూరు గనులు లోకమునకు వజ్రముల నందించినవి. ఆనాటి వజ్రము ధనికుల ఆభరణము. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తన ప్రయోగశాలలో వజ్రమును కృత్రిమముగా రూపొందించినట్లు ప్రకటించిన పిదప వజ్రపు నలుసు కర్మాగారపు సరుకై, అభిరుచితో రాళ్ళు కోసికొను సామాన్యుని బల్లమీదికి సైతము వచ్చినది. అయినను ఈ అధ్యాయమున మనము విచారించునది ఆ బ్లేడును గూర్చి కాదు. దాని అంచును అనుక్షణము తడుపుచుండునట్టిదియు, పనివారు కూలెంటు అని పిలుచునట్టిదియు అగు శీతలద్రవమును గూర్చి. రంపము కొన్నవారు బ్లేడు ధరను పదేపదే తలచుకొందురు గాని తొట్టిలోని ద్రవమును తలచుకొనరు. బ్లేడులు అకాలమున అరిగి, వంగి, మూలపడుటకు ఈ ఉపేక్షయే ప్రధాన కారణమని నా నిశ్చితాభిప్రాయము.

మొదట వేడి సంగతి చూతము. 250 మిల్లీమీటర్ల వ్యాసము గల బ్లేడు నిమిషమునకు 1800 మారులు తిరుగుచున్నదనుకొందము. దాని అంచు సెకనుకు 23 మీటర్లకు పైబడిన వేగముతో, అనగా గంటకు సుమారు 85 కిలోమీటర్ల వేగముతో, రాతిని ఒరసికొనుచు పోవును. మోటారు అందించు శక్తిలో రాతిని చీల్చి కొత్త తలములను ఏర్పరచుటకు వ్యయమగునది అత్యల్పము, తక్కినదంతయు వేడియే. అర గుర్రపు బలము రాతిపై పనిచేయుచున్నదన్న, సెకనుకు 370 జౌళ్ళకు పైగా వేడి పుట్టుచున్నదని అర్థము. తొట్టిలో 20 లీటర్ల నూనె ఉండి, చుట్టునున్న గాలికి పోవు వేడిని లెక్కలోనికి తీసికొనకుండినచో, ఒక గంట కోతలో ఆ నూనె యావత్తు 40 డిగ్రీలు వేడెక్కవలయును. ఆ వేడి నూనెకు చేరక సన్నని అంచునందే నిలిచిపోయిన ఏమగును? వజ్రము ఉష్ణవాహకత్వమున రాగికి అయిదు రెట్లు మిన్న గనుక తాను గ్రహించిన వేడిని వెంటనే తన్ను పట్టియున్న లోహమునకు అప్పగించును. ఆ లోహము వేడెక్కి పట్టు సడలును. మరియు వజ్రము సైతము కర్బనమే గనుక 700 డిగ్రీలు దాటిన తరువాత గాలిలోని ఆమ్లజనితో కలసి మెల్లగా దహింపనారంభించును. అంతదాక పోనక్కరలేకయే మరియొక కీడు మూడును. అంచు వేడెక్కి వ్యాకోచింపగా, నడిమి భాగము చల్లగనే యుండుటచేత ఉక్కు రేకు సాఫుదనము కోలుపోయి అలలుగా వంగును. వంగిన బ్లేడు కోతలో ఇరుకుకొని మరింత ఒరయును, ఒరసిన కొలది మరింత వేడెక్కును. రాయియు ఓర్వదు, ఒక వంక వేడి, ఒక వంక చల్లదనము తగిలి సన్నని పగుళ్ళు పట్టును.

శీతలద్రవము చేయు పని చల్లార్చుటతో ముగియదు. సానమీద గంధము తీయునపుడు ఎప్పటికప్పుడు నీటిచుక్క వేయనిచో, వచ్చిన గంధము సానకే అంటుకొని ఆరిపోయి, చెక్కకును రాతికిని నడుమ అడ్డుపడి, ఎంత రుద్దినను కొత్త గంధము రానట్లే, రాతి కోతలోను వచ్చిన పొడిని వచ్చినట్లు బయటికి కడిగివేయనిచో అది వజ్రపు నలుసుల సందులలో కూరుకొనిపోయి, నలుసుల మొనలు రాతిని తాకకుండ చేయును. అప్పుడు అంచు అద్దమువలె నున్నబడి కోత నిలిచిపోవును. కూలెంటు ఈ పొడిని మోసికొనిపోవలయును, ఉక్కు రేకు రెండు ప్రక్కలును రాతి గోడలకు ఒరయకుండ వాటి నడుమ పలుచని పొరగా నిలువవలయును, అన్నిటికి మించి రాతి ధూళిని గాలిలోనికి లేవకుండ పట్టి ఉంచవలయును. ఈ చివరి దాని మాట తరువాత చెప్పుకొందము.

నీరు మంచిదా, నూనె మంచిదా అను ప్రశ్నకు రెండును మంచివే యని చెప్పుట మర్యాదగా నుండును గాని పనికిరాదు. వేడిని గ్రహించుటలో నీటికి సాటి లేదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు 4.2 జౌళ్ళు పట్టగా ఖనిజతైలమునకు అందులో సగము కూడ పట్టదు. ఆవిరియగునపుడు నీరు అపారమైన గుప్తోష్ణమును వెంటగొనిపోవును. కాని నీరు ఉక్కును తుప్పు పట్టించును, జారుడుదనమున తక్కువది, బ్లేడు అంచునుండి త్వరగా చిందిపోవును. చిన్న రాళ్ళను తీర్చి కోయు చిన్న రంపములకు నీరు చాలును; రాతి దిమ్మెలను పలకలుగా కోయు 10 అంగుళములు మొదలు పైబడిన పెద్ద రంపములకు నూనెయే తగినది. లోతైన కోతలో బ్లేడు రాతి గోడల నడుమ చాలసేపు దాగియుండును గనుక అచ్చట వేడిని గ్రహించు శక్తికంటె ఒరపిడిని పుట్టనీయని గుణమే ఎక్కువ విలువైనది. అయినను కొన్ని రాళ్ళకు నూనె పనికిరాదు. ఫిరోజా, మాలకైటు, ఓపలు వంటి సూక్ష్మరంధ్రములు గల రాళ్ళు నూనెను పీల్చి రంగు మారును. భూగర్భశాస్త్ర విద్యార్థులు సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుటకై 0.03 మిల్లీమీటర్ల మందమునకు అరగదీయు శిలాఖండములకును, నూనె అంటిన ముఖము గాజుపలకకు జిగురుతో సరిగా అతుకదు గనుక, ఎక్కువగా నీటినే వాడుదురు. హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1849లో షెఫీల్డులో తొలి శిలాఖండములను తన చేతులతో అరగదీసిన నాటినుండి ఆ విద్యలో శుభ్రతయే సగము పని.

నూనె అనగా ఏ నూనె? పూర్వము కొందరు డీజిలును, కిరసనాయిలును తొట్టిలో పోసిరి. పలుచగా నుండుటచే అవి పొడిని చక్కగా కడుగును. కాని కిరసనాయిలు 40 డిగ్రీల సమీపముననే నిప్పు తగిలిన అంటుకొను ఆవిరిని విడుచును, మన వేసవిలో రేకుల షెడ్డులో ఆ వేడి సహజమే. మోటారు రవ్వ ఒక్కటి చాలును. ఈ ఆచారమును సమర్థించుటకు నాకు ఒక్క హేతువైనను కనబడదు. వంటనూనెలు అగ్నిభయము తక్కువవే గాని గాలి తగిలి కొన్నాళ్ళకు జిగురుకట్టి ముక్కవాసన కొట్టును. 150 డిగ్రీలకు పైబడిగాని అంటుకొనని, బాగుగా శుద్ధిచేసిన, పలుచని తెల్లని ఖనిజతైలమును ఎన్నుకొనుట ఉత్తమము. శుద్ధి మాట ఊరక చెప్పలేదు: సరిగా శుద్ధిచేయని ఖనిజతైలములు కాన్సరు కారకములని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. మోటారు బండ్లలో వాడి తీసివేసిన నూనెను చవకగా దొరకినదని రంపపు తొట్టిలో పోయుట ఏ విధముగను తగదు.

తొట్టిలో ద్రవము ఎంత ఉండవలయునను విషయము చిన్నదిగా తోచును గాని అదియే నిత్యము చూడవలసినది. బ్లేడు అడుగు అంచు, అనగా వజ్రములు పొదిగిన పట్టీ యావత్తు, ద్రవమున మునిగి, ఆపై కొంచెము మాత్రమే ఉక్కు రేకు తడియవలయును. పెద్ద రంపములో ఇది ఒక సెంటీమీటరుకు ఇంచుక మించి యుండును. మనము పైన చెప్పుకొన్న బ్లేడు అంచున ద్రవమును బయటికి విసరివైచు త్వరణము భూమ్యాకర్షణకు 450 రెట్లు. ఇంతటి విసురును తట్టుకొని అంచును అంటియుండు ద్రవము ఎంత పలుచని పొరయో ఊహింపవచ్చును. మట్టము తగ్గిన ఆ పొరయు కరవగును. మట్టము హెచ్చిన బ్లేడు ద్రవమును చిలుకుచు మోటారుకు వృథాభారమై, మూత సందులనుండి నూనె కారును. కావున యంత్రమును ఆపి, విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీసి, పని మొదలిడుటకు ముందు ప్రతిదినమును మట్టము చూడవలయును. పలకలు బయటికి తీసినప్పుడెల్ల కొంత నూనె వాటితో పోవును. నీరైనచో ఆవిరియై పోవును. ద్రవము చాలకున్నదని రంపమే చెప్పును: నిలకడగా సాగు ధ్వని కీచుమనుచు పైస్థాయికి పోవును, కోత సందున నారింజరంగు రవ్వలు కనబడును, పొగ లేచును. ఆ క్షణముననే ఆపవలయును. ఈ కోత పూర్తియైన పిదప చూతమనుట బ్లేడును వదలుకొనుటయే.

ఇక మడ్డి. ఇచ్చటనే రంపపు యజమాని శ్రద్ధ పరీక్షకు వచ్చును. బ్లేడు కోతలో తీయు సందు 2 మిల్లీమీటర్లనుకొని, నిలువు 15, అడ్డము 15 సెంటీమీటర్లు గల ఒక అకీకు పలకను కోసినచో, 45 ఘన సెంటీమీటర్ల రాయి, అనగా 115 గ్రాములకు పైగా, పొడియై తొట్టిలో పడును. పది పలకలకు కిలోకు మించిన పొడి. ఇదంతయు మాయము కాదు; అడుగున చేరి, బూడిదరంగు ముద్దగా, వ్రేళ్ళ నడుమ నలిపిన వెన్నవలె మెత్తగా తోచి, కాని ఆ మెత్తదనములోనే పలుగురాతి కాఠిన్యమును దాచుకొని యుండును. మడ్డి మట్టము పెరిగి బ్లేడు అంచును తాకినది మొదలు బ్లేడు తాను కోసిన రాతి పొడిలోనే తిరుగుచుండును. అప్పుడు అరుగునది వజ్రము కాదు, వజ్రపు పట్టీకి దిగువనున్న ఉక్కు రేకు. అచ్చట రేకు పలుచబడిన కొలది అంచు వణకును, కోత వంకరపోవును, తుదకు పట్టీయే ఊడిపోవచ్చును. పంపు గల యంత్రములలో గొట్టములు పూడును. బేరింగులలోనికి పొడి చొరబడిన అవి గరగరలాడి చెడును.

మడ్డిని కొలుచుటకు యంత్రములక్కరలేదు. పని ముగిసిన మరునాటి ఉదయమున, తొట్టిని కదలింపకుండ, ఎండిన కఱ్ఱపుల్ల నొకదానిని బ్లేడుకు దూరముగా నిట్టనిలువున అడుగు తగులువరకు దింపి, ఒక క్షణము నిలిపి, నిదానముగా పైకి తీయుడు. పుల్లపై రెండు గుర్తులు స్పష్టముగా కనబడును: పైన తేట నూనె మెరపు, క్రింద బూడిదరంగు పూత. ఆ పూత పై గీతకును, బ్లేడు అడుగు అంచు నిలుచు మట్టమునకును నడుమ రెండు వ్రేళ్ళ వెడల్పు కూడ లేకున్నచో తొట్టిని కడుగవలసిన దినము వచ్చినదన్నమాట. నెలకొకసారి, రెండు నెలలకొకసారి అని గడువు పెట్టుకొనుటకంటె ఈ పుల్ల మాట వినుట మేలు. ఒకరు వారమున కోయునంత రాయిని మరియొకరు సంవత్సరమునకైన కోయకపోవచ్చును.

తీసిన మడ్డినుండి నూనెను మరల రాబట్టుట భౌతికశాస్త్రమున మిక్కిలి రమ్యమైన పాఠము. ద్రవములో మునుగుచున్న చిన్న గుండ్రని కణము ఏ వేగమున దిగునో జార్జి గాబ్రియేల్ స్టోక్సు 1851లో వెలువరించిన సూత్రము చెప్పును: వేగము కణపు వ్యాసముయొక్క వర్గమును బట్టి హెచ్చును, ద్రవపు స్నిగ్ధతను బట్టి తగ్గును. మీటరులో లక్షవ వంతు, అనగా 10 మైక్రానులు, వ్యాసము గల పలుగురాతి కణము నీటిలో 10 సెంటీమీటర్లు దిగుటకు ఇరువది నిమిషములు కూడ పట్టదు. నీటికంటె ఇరువది రెట్లు చిక్కనైన నూనెలో అదే కణమునకు అయిదారు గంటలు పట్టును. కణము ఒక్క మైక్రానుదే యైన కాలము నూరు రెట్లగును: నీటిలో దినమునకు పైగా, నూనెలో మూడు వారములకు పైగా! తొట్టిలోని నూనె ఒక రాత్రి నిలిచిన పిదప పైకి తేటగా కనబడినను లోపల సన్నని ధూళి ఇంకను వ్రేలాడుచుండుటకు కారణమిదియే. కావున మడ్డితో కూడిన నూనెను బకెట్టులో పోసి, మూతపెట్టి, ఎవ్వరును కదలింపని చోట మూడు నాలుగు వారములు మరచిపోవలయును. వేడిచే నూనె పలుచబడును గనుక ఎండ తగులు గోడవార నుంచుట మంచిది. మన రాయలసీమ ఎండ ఈ పనికి ఉచితముగా దొరకు కొలిమి. పొయ్యిమీద మాత్రము ఎన్నడును పెట్టరాదు. ఇట్లు పనికి అంతరాయము కలుగకుండుటకై నూనెను రెండు వాటాలుగా కొనియుంచుకొనుట వివేకము: ఒకటి తొట్టిలో పనిచేయుచుండగా మరియొకటి బకెట్టులో విశ్రమించును.

పైతేటను నెమ్మదిగా వంచుకొన్న పిదప అడుగు ముద్దను మందపాటి కాగితపు సంచిలోనో, దట్టమైన గుడ్డలోనో మూటగట్టి, ఖాళీ బకెట్టుపై వ్రేలాడదీయవలయును. మొదట కారు నూనె మురికిగనే యుండును. పిమ్మట గుడ్డ లోపలి ముఖమున మడ్డి పొరకట్టి, ఆ పొరయే గుడ్డకంటె సన్నని జల్లెడగా పనిచేయుటచే నూనె తేటపడును. తొందరపడి గుడ్డను పిండినను, పొరను గీకివేసినను ఆ జల్లెడ చెడిపోవును. మొదట కారిన మురికి నూనెను మరల పైన పోసిన సరి.

నీటితో నడచు రంపముల రోగములు వేరు. బ్లేడును రాత్రి యంతయు నీటిలో నిలిపియుంచిన, నీటి మట్టము తాకిన చోట తుప్పు గీత పడి అంచు బలహీనమగును. దినాంతమున నీటిని వంపివైచి, బ్లేడును తుడిచి, కొలదిసేపు ఖాళీగా త్రిప్పి ఆరనిచ్చుట అలవరచుకొనవలయును. మన పల్లెలలోను, నగరములలోను బోరునీరు కఠినజలమగుట సర్వసాధారణము. ఆవిరైన కొలది తెల్లని సున్నపు పెళ్ళలు గొట్టములలో కట్టును. తుప్పును నివారించు మందులను నీటిలో కలుపువారు తయారుచేసినవాడు చెప్పిన పాలునకు మించక, తగ్గక కలుపవలయును. నీటిలో కలియు నూనె మిశ్రమములను నిలువబెట్టినచో వాటిలో సూక్ష్మజీవులు పెరిగి దుర్గంధము పుట్టును, చర్మమునకు దురద పట్టును. వాసన వచ్చిన మిశ్రమమునకు మందు లేదు, పారవేయుటయే.

ధూళి మాటకు వత్తము. రాతిపనివారి ఊపిరితిత్తులలో రాతిపొడి చేరి ప్రాణము తీయుటను ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే తన వృత్తిరోగ గ్రంథమున వ్రాసెను. గుజరాతులోని ఖంభాతులో తరతరములుగా అకీకు రాళ్ళను సానపట్టు కుటుంబములలో సిలికోసిస్ వ్యాధి ఎందరి ఆయువును హరించెనో అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనలు వెల్లడించినవి; పొడిగా సానపట్టుటయే అచ్చటి ప్రధాన దోషము. కంటికి కనబడని సన్నని సిలికా కణములు ఊపిరితిత్తుల లోతునకు పోయి అచ్చట మచ్చలు కట్టించును. ఆ మచ్చలను మాన్పు ఔషధము లేదు. తడి కోత ఈ ధూళిని పుట్టిన చోటనే బంధించును. కాని బంధితమైనది ఆరినచో మరల విడుదలయగునని మరువరాదు: రంపము మూతపైనను, నేలపైనను చిందిన మడ్డి ఎండిపోయిన తరువాత చీపురుతో ఊడ్చుట, తడి కోత వలన కలిగిన మేలునంతయు ఒక్క పూటలో పోగొట్టుకొనుటయే. తడిగుడ్డతో తుడువవలయును. నూనె వాడునప్పుడు సన్నని నూనె తుంపరలు పొగవలె లేచును గనుక మూత మూసియే కోయవలయును. కోత పూర్తియైన వెంటనే మూత ఎత్తక, తుంపర అణగువరకు నిమిషములు కొన్ని ఆగి, గాలి పారు గదిలో పని సాగించవలయును.

కోసిన పలకలను నూనెనుండి తీసి కఱ్ఱపొట్టులో ఒక దినము పూడ్చిపెట్టి, పిదప సబ్బునీటితో కడిగినచో శుభ్రపడును. ఈ విషయమున ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

ప్రకాశము జిల్లా చీమకుర్తి పరిసరములలో బంగారు చుక్కల నల్లరాతిని నీటిధారల క్రింద కోయు కర్మాగారములలో రాతిబురదతో వచ్చు నీటిని తొట్లలో నిలిపి, తేటపడిన నీటిని మరల రంపములకు పంపుదురు; ఇంటిలోని చిన్న రంపమునకును ధర్మమదియే. మడ్డిని మురుగు గొట్టములోనికిగాని, వీధి కాలువలోనికిగాని పోయకుడు. రాతిపొడి గొట్టపు అడుగున పేరుకొని గట్టిపడి దానిని మూసివేయును, నూనె చెరువు నీటిపై పొరగట్టి జలచరములకు గాలి అందనీయదు. వాడిన నూనె మన దేశమున 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల క్రిందికి వచ్చునది. రాబట్టదగిన నూనెనంతయు రాబట్టుకొనుడు. ఇక పనికిరాని దానిని మూతగల డబ్బాలో పోసి, దానిని స్వీకరించుటకు అనుమతి గల వారికే అప్పగింపుడు.